మినారును కొలవడం, గీయడం: ఆకారాలూ నిష్పత్తులూ తెలుసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా నగరంలో 1127లో కట్టిన కల్యాన్ మినారు ఎత్తు 45.6 మీటర్లు, అడుగున వ్యాసం 9 మీటర్లు. ఢిల్లీ కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు, అడుగున వ్యాసం 14.32 మీటర్లు. ఎత్తును వ్యాసంతో భాగించి చూడండి. మొదటిదానికి 5.07, రెండోదానికి 5.06. కాగితం మీద రెండూ కవల పిల్లలే. కానీ ఎదురుగా నిలబడి చూస్తే పోలికే కనపడదు. కల్యాన్ మినారు తలపైన బరువైన గది మోస్తూ నిటారుగా నిలబడి ఉంటుంది. కుతుబ్ ఆకాశంలోకి మొనదేలి పోతుంది.

మినారు నిష్పత్తి అంటే ఒక్క అంకె కాదు. కనీసం మూడు అంకెలు కలిస్తేనే దాని రూపం చేతికి చిక్కుతుంది. ఆ మూడింటినీ ఎలా పట్టుకోవాలో, వాటితో ఒక మినారును కాగితం మీద ఎలా నిలబెట్టాలో వరసగా చెప్తాను. ఆర్కిటెక్చర్ చదివి ఉండనక్కర్లేదు. ఒక టేపు, కోణమానిని, దారం, చిన్న బరువు, గ్రాఫ్ పేపరు, ఫోన్ కెమెరా చాలు.

అడుగు 1: కింది నుంచి పైకి భాగాలు గుర్తుపట్టండి

కొలత మొదలుపెట్టే ముందు మినారును కళ్లతో ముక్కలుగా విడదీయాలి. ఎప్పుడూ కింది నుంచే మొదలుపెట్టండి. పైన కలశం మెరుస్తుంటే చూపు అటే లాగుతుంది గాని, కట్టినవాడు నిర్ణయాలన్నీ నేల మీదే తీసుకున్నాడు.

అడుగున పీఠం. దాని మీద కాండం, అంటే మినారు ఒళ్లు. పీఠం చతురస్రంగా ఉండి కాండం గుండ్రంగా ఉంటే, ఆ రెండింటినీ కలిపే మార్పు భాగం ఒకటి ఉండి తీరాలి. మూలలను వాలుగా నరికి, త్రికోణాలుగా మలిచి, నాలుగు పలకల నుంచి ఎనిమిదికి, అక్కణ్నుంచి గుండ్రానికి తీసుకెళ్తారు. తుర్కియేను ఏలిన ఒట్టోమన్ల మేస్త్రీలు ఈ మార్పు భాగాన్ని పాబుచ్ అన్నారు. చూసేవాళ్లు ఎక్కువగా దాటేసేది ఈ భాగాన్నే. నా మటుకు నాకు పనివాడి నేర్పు అన్నిటికన్నా బాగా బయటపడేది ఇక్కడే అనిపిస్తుంది.

కాండం మీద, నమాజుకు పిలిచే ముఅజ్జిన్ నిలబడి అజాన్ ఇచ్చే బాల్కనీ. ఒకటి ఉండొచ్చు, మూడుండొచ్చు. బాల్కనీని కింద నుంచి మోసేవి ముఖర్నాస్ అనే చిన్న చిన్న గూళ్ల వరసలు. ఒక్కో వరస కింది వరస కంటే కాస్త ముందుకు వస్తూ తేనెపట్టులా పేర్చినట్టు ఉంటాయి. బాల్కనీ పైన సన్నటి పైకాండం లేదా స్తంభాల మీద నిలిచిన చిన్న మండపం, దాని మీద గుమ్మటమో శంఖాకారపు టోపీయో, చిట్టచివర కలశం.

అన్ని మినార్లలో అన్ని భాగాలూ ఉండవు. నైజర్‌లోని అగదెజ్ పట్టణంలో 27 మీటర్ల మట్టి మినారు ఉంది. దానికి ముఖర్నాస్ లేవు, కలశం ఆడంబరం లేదు. గోడల్లోంచి కర్రలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మట్టిపూత మళ్లీ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు పనివాళ్లు ఎక్కడానికి ఆ కర్రలే పరంజా. ఏ భాగం ఉందో రాసుకున్నట్టే ఏ భాగం లేదో కూడా రాసుకోండి.

అడుగు 2: నేల మీద దాని పటం గీయండి

మినారును అడ్డంగా కోస్తే కనిపించే ఆకారమే దాని జాతకం. చతురస్రమా, వృత్తమా, ఎనిమిది పలకలా, నక్షత్రమా అన్నది తేలితే, దాదాపు ఏ ప్రాంతం, ఏ కాలం అన్నది సగం తేలిపోయినట్టే.

చతురస్రం అన్నిటికన్నా పాతది. ఇస్లాం తొలి రోజుల్లో మసీదులకు మినార్లు లేవు. మదీనాలో ప్రవక్త ముహమ్మద్ అనుచరుడు బిలాల్ కప్పు ఎక్కి అజాన్ ఇచ్చేవాడు. ఉమయ్యద్ ఖలీఫా అల్-వలీద్ కాలంలో, 8వ శతాబ్దం మొదట్లో, దమస్కస్‌లో పెద్ద మసీదు కట్టినప్పుడు పాత రోమన్ ఆలయ ప్రాకారం మూలల్లో అప్పటికే చతురస్రపు బురుజులు ఉన్నాయి. ఆ నాలుగు పలకల రూపం సిరియా నుంచి పడమరకు ప్రయాణించింది. ట్యునీషియాలోని కైరవాన్ పెద్ద మసీదు మినారు 31.5 మీటర్ల ఎత్తు, అడుగున ఒక్కో పక్క సుమారు 10.7 మీటర్లు. మూడు అంతస్తులు, ఒకదాని మీద ఒకటి చిన్నవవుతూ వెళ్తాయి. మొరాకో, స్పెయిన్‌లలో అల్మొహద్ పాలకులు 12వ శతాబ్దంలో ఇదే చతురస్రాన్ని బాగా ఎత్తుకు తీసుకెళ్లారు. మర్రకేష్‌లోని కుతుబియా, సెవిల్‌లోని గిరాల్దా, రబాత్‌లో అసంపూర్తిగా మిగిలిన హసన్ గోపురం ఒకే కుటుంబం.

తూర్పున, ఇరాన్, మధ్య ఆసియాలలో రాజ్యమేలింది వృత్తం. అక్కడ రాయి తక్కువ, ఇటుక ఎక్కువ. ఇటుకతో గుండ్రటి గొట్టం లేపడం తేలిక, మూలల్లో పగుళ్ల బెడద ఉండదు, గాలి గోడ చుట్టూ జారిపోతుంది. దామ్‌గాన్‌లోని తారిఖానా మసీదు పక్కన 11వ శతాబ్దపు మినారు, బుఖారా కల్యాన్ మినారు ఈ దారివే. ఆ ఇటుకలను ముందుకూ వెనక్కూ పేర్చి, నీడలతోనే నేత నేసినట్టు పట్టీలు పట్టీలుగా అలంకరించారు.

నక్షత్రం అరుదు. ఆఫ్ఘనిస్తాన్‌లోని గజ్నీలో రెండు మినార్ల అడుగు భాగాలు ఎనిమిది కోణాల నక్షత్రాలు. వాటి గుండ్రటి పైకాండాలు 1902 భూకంపంలో పడిపోయాయి, ఇప్పుడు మిగిలింది సుమారు 20 మీటర్లే. కుతుబ్ మినార్ మొదటి అంతస్తు కమ్మీలను, అంటే గోడ మీది నిలువు ఉబ్బులను చూస్తే ఈ ఆలోచన గుర్తుకొస్తుంది. ఒక కోణం, ఒక గుండ్రం, మళ్లీ ఒక కోణం. రెండో అంతస్తులో అన్నీ గుండ్రటివే. మూడో అంతస్తులో అన్నీ కోణాలే. అంటే ఒకే మినారులో మూడు నేల పటాలు ఉన్నాయి. ఒక్కో అంతస్తుకు ఒక్కో పటం విడిగా గీసుకోవాలి.

ఈజిప్టును ఏలిన మమ్లూకులు ఏ ఒక్క ఆకారానికీ కట్టుబడలేదు. కైరోలో 14, 15వ శతాబ్దాల మినార్లు అడుగున చతురస్రంగా మొదలై, నడుమ ఎనిమిది పలకలై, పైన గుండ్రమై, చివర స్తంభాల మండపంతో ముగుస్తాయి. సుల్తాన్ ఖాయిత్‌బే సమాధి సముదాయంలో 1474 నాటికి పూర్తయిన మినారు ఈ పద్ధతికి అందమైన ఉదాహరణ. ఎత్తు సుమారు 40 మీటర్లే గాని, ఆకారం మారే ప్రతిచోటా కంటికి ఒక విశ్రాంతి దొరుకుతుంది.

ఇక ఏ గుంపుకూ చెందని ఒంటరి ఒకటుంది. ఇరాక్‌లోని సమర్రాలో ఖలీఫా అల్-ముతవక్కిల్ 9వ శతాబ్దం మధ్యలో కట్టించిన మల్వియా. 33 మీటర్ల చతురస్రపు పీఠం, దాని మీద బయటివైపు చుట్టూ తిరిగే వాలుబాటతో శంఖంలా 52 మీటర్ల ఎత్తు. మెట్లు లోపల దాచకుండా ఒంటి మీదే వేసుకున్న మినారు ఇది. పైకి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, కానీ ఒక్కో చుట్టు ఎక్కే ఎత్తు తగ్గదు. అందుకే బాట పైకి వెళ్లేకొద్దీ నిట్టనిలువు అవుతుంది.

అడుగు 3: ఎత్తు కొలవండి

మొదట వెడల్పు. చతురస్రమైతే టేపుతో ఒక పక్క కొలిస్తే చాలు. గుండ్రమైతే చుట్టూ టేపు తిప్పి, వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగించండి. కుతుబ్ అడుగు చుట్టుకొలత సుమారు 45 మీటర్లు రావాలి. పీఠం మీద కొలవకండి, కాండం మొదలయ్యే చోట కొలవండి. పీఠం ఎంత ముందుకు వస్తే నిష్పత్తి అంత తప్పుతుంది. దగ్గరికి వెళ్లనివ్వని చోట, రెండు పక్క అంచులూ నేల మీద ఎక్కడికి వస్తాయో దూరం నుంచి చూసి గుర్తు పెట్టుకుని ఆ మధ్య దూరం కొలవండి.

ఇప్పుడు ఎత్తు. కోణమానిని మధ్య బిందువుకు దారం కట్టి, కొసన బరువు వేలాడదీయండి. దాని సరళరేఖ అంచు వెంట మినారు కొనను చూడండి. దారం 90 నుంచి ఎంత జరిగితే అంత కోణం. ఆ కోణం సరిగ్గా 45 డిగ్రీలు వచ్చే చోటు దొరికేదాకా ముందుకూ వెనక్కూ నడవండి. అక్కడ ఆగి, మీ కాళ్ల దగ్గర్నుంచి మినారు గోడ దాకా దూరం కొలవండి. దానికి అడుగు వెడల్పులో సగం కలపండి. ఎందుకంటే మినారు కొన గోడ పైన లేదు, మధ్య గీత పైన ఉంది. ఆపైన నేల నుంచి మీ కంటి ఎత్తు కలపండి. అదే మినారు ఎత్తు.

45 డిగ్రీలే ఎందుకంటే అక్కడ చెయ్యి వణికినా వచ్చే తప్పు అన్నిటికన్నా తక్కువ. 50 మీటర్ల మినారు దగ్గర 45లో ఒక డిగ్రీ తప్పితే ఎత్తులో సుమారు 1.75 మీటర్ల తేడా వస్తుంది. అదే దగ్గరగా నిలబడి 70 డిగ్రీల్లో చూస్తే ఆ ఒక్క డిగ్రీకే 2.8 మీటర్లు పోతాయి. ఇరుకు బస్తీలో 45కు చోటు దొరక్కపోతే 60 డిగ్రీల దగ్గర నిలబడి, మధ్య గీత దాకా ఉన్న దూరాన్ని 1.73తో గుణించి, కంటి ఎత్తు కలపండి.

ఎండ ఉంటే నీడ పద్ధతి ఇంకా హాయి. ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి, అదే నిమిషంలో మినారు నీడ కొస దగ్గర సుద్దతో గీత పెట్టండి. మినారు నీడ పొడవును కర్ర నీడ పొడవుతో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. ఇక్కడ కూడా మధ్య గీత నుంచే కొలవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం ఈ పద్ధతిని నమ్మకండి.

ఎత్తు ఎక్కడ ఆగుతుందో ముందే తేల్చుకోండి. కుతుబియా మినారు కొన మీది లోహపు గోళాల కడ్డీతో కలిపి 77 మీటర్లు. ఒక పక్క వెడల్పు 12.8 మీటర్లు. భాగిస్తే 6. సుమారు 8 మీటర్ల కడ్డీ తీసేస్తే 69 మీటర్లు, నిష్పత్తి 5.4. అల్మొహద్ మినార్ల ఎత్తు వెడల్పుకు అయిదింతలు అని ప్రసిద్ధి. ఆ అయిదు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది, పైకి పోయేకొద్దీ అలంకారం ఎంత కలుపుకొంటున్నాం అన్న దాన్ని బట్టి అంకె మారుతుంది. చార్మినార్ మినార్ల ఎత్తు కూడా ఒకచోట 48.7 మీటర్లని, మరోచోట 56 మీటర్లని ఉంటుంది. అందుకని మీ పుస్తకంలో ఎత్తు పక్కన ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తప్పకుండా రాయండి: నేల నుంచి గుమ్మటం దాకానా, కలశంతో సహానా, కప్పు మీద నుంచా.

ఫోటోలు కూడా తీయండి, అయితే కెమెరాను పైకి ఎత్తకండి. కెమెరా వెనక్కి వాలితే నిలువు గీతలన్నీ పైన దగ్గరపడి, నిటారు మినారు కూడా మొనదేలినట్టు కనిపిస్తుంది. మినారు ఎత్తుకు కనీసం రెండింతల దూరం వెళ్లి, ఫోన్‌ను నిటారుగా పట్టుకుని, చిత్రంలో కింది సగం నేలకు వదిలేసి తీయండి. ఇంకా మంచిది, ఎదురుగా ఉన్న మేడ మీద నుంచి, మినారు నడుము ఎత్తు నుంచి తీయడం.

ఇంకో మాట. ఇవి ప్రార్థనా స్థలాలు. నమాజు వేళల్లో కొలతల పని పెట్టుకోకండి, లోపలికి వెళ్లేముందు అక్కడి పెద్దల్ని అడగండి. రక్షిత కట్టడాల దగ్గర ట్రైపాడ్, డ్రోన్ వంటివి అనుమతి లేకుండా వాడొద్దు.

అడుగు 4: మూడు అంకెలు తీయండి

మొదటి అంకె ఎత్తు నిష్పత్తి. ఎత్తును అడుగు వెడల్పుతో భాగించడమే. కైరవాన్‌కు దాదాపు 3. మల్వియాకు 1.6. కల్యాన్, కుతుబ్‌లకు 5 పైచిలుకు. ఆఫ్ఘనిస్తాన్ కొండల మధ్య ఘోరీ సుల్తాన్ గియాసుద్దీన్ కట్టించిన జామ్ మినారుకు 65 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల అడుగు, అంటే 7.2. తుర్కియేలోని ఎదిర్నెలో ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టిన సెలిమియే మసీదు మినార్లకు వచ్చేసరికి 70.9 మీటర్ల ఎత్తుకు వ్యాసం 3.8 మీటర్లే. అక్కడ 18.7. ఒకటిన్నర నుంచి పద్దెనిమిది దాకా, ఒకే పని చేసే కట్టడం ఇంత దూరం నడిచింది.

ఈ అంకెతో అసంపూర్తి కట్టడాల గురించి ఊహ కూడా చేయొచ్చు. రబాత్ హసన్ గోపురం 44 మీటర్ల దగ్గర ఆగిపోయింది, 1199లో అల్మొహద్ ఖలీఫా యాకూబ్ అల్-మన్సూర్ చనిపోవడంతో పని నిలిచింది. దాని అడుగు ఒక్కో పక్క 16 మీటర్లు. అల్మొహద్ లెక్క అయిదింతలు వేస్తే 80 మీటర్లు. అది కట్టి ఉంటే కుతుబియాను దాటేది.

రెండో అంకె కొన నిష్పత్తి. కాండం పై చివర వ్యాసాన్ని అడుగు వ్యాసంతో భాగించాలి. కల్యాన్ పైన సుమారు 6 మీటర్లు, అడుగున 9. అంటే 0.67. కుతుబ్ పైన 2.75 మీటర్లు, అడుగున 14.32. అంటే 0.19. మొదట్లో కవలల్లా కనిపించిన రెండు మినార్లూ ఇక్కడ విడిపోతాయి. కుతుబ్ గోడ ఒక్కో మీటరు ఎక్కేకొద్దీ ఒక్కో వైపు సుమారు 8 సెంటీమీటర్లు లోపలికి వాలుతుంది. కల్యాన్‌లో అది 3, 4 సెంటీమీటర్లకు మించదు, పైగా కొన దగ్గర 16 కమానుల గది మళ్లీ బయటికి విచ్చుకుంటుంది. పై వ్యాసాన్ని నేరుగా కొలవలేరు కాబట్టి వాలని ఫోటోలో స్కేలు పెట్టి, తెలిసిన అడుగు వెడల్పుతో పోల్చి లెక్క కట్టండి.

మూడో అంకె నిజానికి ఒక వరస: అంతస్తుల వాటాలు. బాల్కనీలు కాండాన్ని ఏ ఎత్తుల దగ్గర విరుస్తున్నాయో చూడాలి. 19వ శతాబ్దపు పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ లెక్క ప్రకారం కుతుబ్ అయిదు అంతస్తులూ కింది నుంచి పైకి సుమారు 95, 51, 41, 25, 22 అడుగులు. మొత్తం 234. మొదటి అంతస్తు ఒక్కటే ఎత్తులో 40 శాతం. ఆ 95 అడుగులను అడుగు వ్యాసం 47 అడుగులతో పోల్చండి, సరిగ్గా రెండింతలు. మొత్తం ఎత్తు అయిదింతలు. మేస్త్రీ చేతిలో పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. అడుగు వ్యాసమంత తాడు ఒకటి ఉంటే, రెండు తాళ్లకు మొదటి బాల్కనీ, అయిదు తాళ్లకు కొన.

వాటాలు పైకి తగ్గుతూ పోవడం వల్ల కింద నిలబడ్డవాడికి మినారు ఉన్నదానికన్నా ఎత్తుగా తోస్తుంది. చిన్న అంతస్తు దూరంగా ఉన్న పెద్ద అంతస్తులా కనపడుతుంది. కుతుబ్ కాండం అంత గట్టిగా లోపలికి వాలడం ఈ మాయకు తోడవుతుంది. ఒట్టోమన్ మినారులో కథ వేరు. అక్కడ కాండం దాదాపు నిటారు, బాల్కనీలు సన్నటి ఉంగరాలు, పైన సీసపు రేకుల శంఖం టోపీ. చూపు ఎక్కడా ఆగకుండా పైకి జారిపోతుంది. ఇస్తాంబుల్ సులేమానియేలో నాలుగు మినార్లు ఉంటే, మసీదు గోడ దగ్గరి రెండూ మూడేసి బాల్కనీలతో ఎత్తుగా, ముంగిలి చివరి రెండూ రెండేసి బాల్కనీలతో పొట్టిగా కట్టారు. నాలుగింటి కొనలూ కలిపి గీత గీస్తే ఆ గీత మధ్య గుమ్మటం వైపు ఎక్కుతుంది. అందుకే మినారును ఒంటరిగా కొలిచి ఆగిపోకండి, పక్కనున్న గుమ్మటం ఎత్తు కూడా రాసుకోండి.

అడుగు 5: అంకె వెనక కారణం వెతకండి

మీ దగ్గర ఇప్పుడు మూడు అంకెలున్నాయి. ఇవి ఇలాగే ఎందుకు వచ్చాయని ప్రతి మినారునూ అడగండి. జవాబు సాధారణంగా రెండు చోట్ల దొరుకుతుంది: గోడలోని వస్తువులో, లోపలి మెట్లలో.

ఇటుక, సున్నం నొక్కుడుకు బాగా ఓర్చుకుంటాయి, లాగుడుకు ఓర్చుకోవు. గాలికో భూకంపానికో మినారు ఒకవైపు వంగితే రెండో వైపు గోడ లాగబడుతుంది, అతుకులు విచ్చుకుంటాయి. దాన్ని అడ్డుకోవాలంటే అడుగు వెడల్పుగా ఉండాలి, బరువు కిందే ఉండాలి. అందుకే ఇటుక మినార్లకూ, రాతి పైపూత ఉన్న బరువైన మినార్లకూ ఎత్తు నిష్పత్తి అయిదారు దగ్గర తిరుగుతుంది. సినాన్ కాలపు ఒట్టోమన్ మేస్త్రీలు చెక్కిన రాళ్లను ఇనుప కొక్కేలతో ఒకదానికొకటి కట్టి, ఆ గుంతల్లో కరిగించిన సీసం పోశారు. ఇనుము లాగుడును మోస్తుంది, సీసం తుప్పును ఆపుతుంది, కాస్త కదలికనూ ఓర్చుకుంటుంది. 18.7 అనే అంకె ధైర్యం వల్ల ఒక్కటే రాలేదు, ఆ కొక్కేల వల్ల వచ్చింది.

రెండోది మెట్లు. మనిషి ఎక్కడానికి ఒక వెడల్పు కావాలి, నడుమ స్తంభానికి కొంత, చుట్టూ గోడకు కొంత. ఆ మూడూ కలిస్తే మినారు ఎంతకన్నా సన్నగా ఉండలేదో తేలుతుంది. చుట్టుమెట్లలో ప్రతి మెట్టూ ఒక చివర నడుమ స్తంభంలో, మరో చివర గోడలో దిగి ఉంటుంది. అలా వందల మెట్లు స్తంభాన్నీ గోడనూ కలిపి కుట్టేస్తాయి. కుతుబ్‌లో 379 మెట్లు. జామ్‌లో రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి తాకకుండా చుట్టుకుంటూ పోతాయి. ఎదిర్నెలో 15వ శతాబ్దపు ఊచ్ షెరెఫెలి మసీదు పెద్ద మినారులో మూడు బాల్కనీలకు మూడు వేరువేరు మెట్ల దారులు. సెలిమియేలో రెండు మినార్లలో అదే పని 3.8 మీటర్ల వ్యాసంలోనే చేశారు. ఆ నేల పటం ఒకసారి మీరే గీయడానికి ప్రయత్నించండి, సినాన్ ఏం చేశాడో అప్పుడు చేతికి తెలుస్తుంది. చతురస్రపు మినారులో మాత్రం మెట్ల బదులు వాలుబాట వేయడానికి చోటుంటుంది. గిరాల్దాలో మధ్యన ఒకదాని మీద ఒకటి గదులు, వాటి చుట్టూ 35 వాలుబాటలు ఉన్నాయి. ఎక్కడం సులువే, కానీ దానికి 13.6 మీటర్ల అడుగు కావలసి వచ్చింది.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. కైరోలో సుల్తాన్ హసన్ మసీదు కడుతుండగానే, 1361లో, ముఖద్వారం మీది మినారు కూలి సుమారు 300 మంది చనిపోయారు. తాజ్ మహల్ నాలుగు మినార్లూ కొద్దిగా బయటికి వాలి ఉంటాయి. పడితే సమాధి మీద కాకుండా అవతలికి పడాలన్నది దానికి సాధారణంగా చెప్పే కారణం. వాలు ఉందో లేదో చూడటానికి మేస్త్రీల గుండుదారం కంటికి ఎదురుగా పట్టుకుని, దారాన్ని మినారు మధ్య గీతతో కలిపి చూడండి. రెండు వేర్వేరు దిక్కుల నుంచి చూడాలి. ఒకే దిక్కు నుంచి చూస్తే మీ వైపుకో అవతలికో ఉన్న వాలు కనపడదు.

అడుగు 6: తర్వాతి చేతుల పని వేరు చేయండి

చాలా మినార్లు ఒకే చేతి పని కావు. అడుగున ఒక కాలం, నడుమ ఒక కాలం, పైన ఇంకో కాలం. కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టిన కుతుబ్‌ను ఇల్తుత్‌మిష్ పైకి లేపాడు. 1368లో పిడుగు పడి పై అంతస్తు దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ అక్కడ రెండు అంతస్తులు కట్టించాడు. పైన ఒక్కసారిగా తెల్ల పాలరాయి కనిపించేదీ, కమ్మీల నేత మారేదీ అక్కడే. 1828లో బ్రిటిష్ ఇంజినీరు మేజర్ స్మిత్ పైన ఒక ఛత్రి పెట్టించాడు, 1848లో దాన్ని దింపేశారు. అది ఇప్పుడు పక్కన పచ్చికలో ఉంది. ఆ ఛత్రితో కొలిచి ఉంటే నిష్పత్తి ఇంకోలా వచ్చేది. గిరాల్దా పైన గంటల గది 16వ శతాబ్దంలో చేర్చిందే. ఇప్పటి ఎత్తు 104 మీటర్లను 13.6తో భాగిస్తే 7.6 వస్తుంది, అది అల్మొహద్ మినారు నిష్పత్తి కాదు. కైరోలో ఇబ్న్ తూలూన్ మసీదు 879 నాటిదైనా, ఇప్పుడున్న మినారు రూపంలో చాలాభాగం 1296లో సుల్తాన్ లాజిన్ చేయించిన మరమ్మతుదని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

ఆనవాళ్లు ఇవి: రాయి రంగు మారడం, ఇటుక మందం మారడం, కమ్మీలు ఒక గీత దగ్గర తెగిపోవడం, శాసనపు పట్టీలో లిపి తీరు మారడం. ఇవి కనిపించిన చోట గ్రాఫ్ మీద చుక్కల గీత వేసి, పైదీ కిందదీ విడివిడిగా నిష్పత్తులు తీయండి.

అడుగు 7: గీయండి

స్కేలు 1:200 తీసుకోండి, అంటే నేల మీద 2 మీటర్లు కాగితం మీద 1 సెంటీమీటరు. ఏ3 కాగితం నిలువుగా పెడితే కుతుబ్ అంత ఎత్తైన మినారు కూడా పడుతుంది.

ముందు నేల గీత, దాని మధ్య నుంచి నిలువు మధ్య గీత. కుతుబ్‌కు ఆ గీత మీద 36.25 సెంటీమీటర్ల దగ్గర కొన. అడుగున మధ్య గీతకు అటూ ఇటూ 3.58, పైన అటూ ఇటూ 0.69. రెండు అంచులూ కలపండి. ఇప్పుడు మధ్య గీత మీద అంతస్తుల ఎత్తులు గుర్తించి అడ్డగీతలు గీస్తే బాల్కనీలు వస్తాయి. వాటిని గోడ బయటికి కొద్దిగా లాగండి, ఆ కింద ముఖర్నాస్‌కు వాలుగీత. కమ్మీలు, శాసన పట్టీలు చివర్లో. ఆకారం సరిగ్గా రాకముందే అలంకారం మొదలుపెడితే తప్పు ఎక్కడుందో కనపడకుండా పోతుంది.

అదే కాగితం మీద, అదే నేల గీత మీద, పక్కనే కల్యాన్ గీయండి: ఎత్తు 22.8 సెంటీమీటర్లు, అడుగు 4.5, పైన 3. తర్వాత సెలిమియే: ఎత్తు 35.45, వెడల్పు 1.9. ఆ పక్కన కైరవాన్: ఎత్తు 15.75, అడుగు 5.35. లోపల నల్లగా నింపి, గది అవతల నుంచి చూడండి. చెక్కడాలూ రంగులూ పోయాక మిగిలే నీడబొమ్మే నిష్పత్తి.

మన దగ్గర మొదలుపెట్టాలంటే

హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఈ అభ్యాసానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. కానీ 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌తో మొదలుపెట్టొద్దని నా సలహా. అక్కడ మినారు విడిగా లేదు, కట్టడం మూలలోంచే నేల నుంచి లేచి, కప్పు దాటాక స్వతంత్రమవుతుంది. అడుగు వెడల్పు ఎక్కడ కొలవాలి అన్నదే చిక్కు. కప్పు పైన కనిపించే భాగానికి ఒక నిష్పత్తి, నేల నుంచి మొత్తానికి మరొకటి తీయాలి. రెండింటినీ పక్కపక్కన పెడితేనే ఆ నాలుగు మినార్లూ అంత పెద్ద కమానుల మధ్య ఎందుకు తేలిగ్గా కనిపిస్తాయో తెలుస్తుంది.

మొదట కార్వాన్ వైపు ఉన్న తోలి మసీదుకు వెళ్లండి. 1671 నాటిది, ముందువైపు రెండు మినార్లు, ఎదురుగా నిలబడటానికి చోటుంది. కుతుబ్ షాహీల పద్ధతి అంతా అందులో చదువుకోవచ్చు: కాండం చుట్టూ కమానుల వసారాలు, గచ్చు పనితనం, పైన ఉల్లిపాయ రూపపు గుమ్మటం, దాని అడుగున తామర రేకులు. ఇక్కడి మేస్త్రీలు రాతి మీద డంగు సున్నంతో పూత పోసి, అది ఆరకముందే చెక్కారు. అందువల్ల ఇటుక మినారులోలా గోడ పొర నీడలు కాకుండా, మెత్తటి ఉబ్బులు కనిపిస్తాయి. ఆ గచ్చుకు ఎప్పటికప్పుడు చూసుకునే చేయి కావాలి. 2019లో చార్మినార్ మినారు నుంచి ఒక గచ్చు ముక్క ఊడి పడింది.

ఇంకాస్త దూరం వెళ్లగలిగితే బీదర్‌లో మహమూద్ గవాన్ మదర్సా. 1472లో పూర్తయింది, ముందున్న రెండు మినార్లలో ఒకటే మిగిలింది. మూడు అంతస్తుల గుండ్రటి కాండం, మీద మెలికలు తిరిగే రంగు పలకల ఆనవాళ్లు. ఇరాన్ నుంచి వచ్చిన రూపం దక్కను రాతి మీద ఎలా నిలబడిందో అక్కడ ముట్టుకుని చూడొచ్చు. మహారాష్ట్రలోని దౌలతాబాద్ కోటలో బహమనీ సుల్తాన్ అలావుద్దీన్ అహ్మద్ కట్టించిన చాంద్ మినార్ కూడా ఆ కోవలోనిదే, సుమారు 64 మీటర్లు. తోలి మసీదు, బీదర్, దౌలతాబాద్, చార్మినార్ నాలుగింటినీ 1:200లో ఒకే నేల గీత మీద గీసి, ఒక్కోదాని కింద మూడు అంకెలు, కొలిచిన తేదీ, ఏ పద్ధతిలో కొలిచారో, ఎత్తు ఎక్కడ ఆపారో రాయండి. మరొకరు అదే మినారును కొలిచి వేరే అంకె తెస్తే, తేడా కొలతలో ఉందో ఆపిన చోటులో ఉందో ఆ నాలుగు మాటలే చెప్తాయి.